అమ్జద్ దిద్దించిన తప్పు

అమ్జద్ ఏం ఉద్యోగం చేస్తాడో చెబితే బోరబండలో చాలాకాలం ఎవరూ నమ్మలేదు. తండ్రి మెహబూబ్ కార్ల సీట్లకు కవర్లు కుట్టేవాడు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని ఊరుకునేవాడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పంజాగుట్ట వెళ్ళి, సాయంత్రం దాకా వీడియో గేములు ఆడి ఇంటికొచ్చే కొడుకు గురించి అంతకంటే ఏం చెప్పాలో ఆయనకు తెలిసేది కాదు.

నిజానికి అది ఆట కాదు, ఆటలో తప్పులు పట్టే పని. ఎక్కడో యూరప్‌లో తయారయ్యే గేములు బజారులోకి రాకముందే, పంజాగుట్టలో ఒక బట్టల షాపు పైన నాలుగో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీకి వచ్చేవి. అక్కడ పన్నెండు మంది టెస్టర్లు వాటిని అన్ని రకాలుగా ఆడి చూడాలి. వీరుడు గోడలోంచి దూరిపోతే తప్పు. చచ్చిన రాక్షసుడు లేచి మాట్లాడితే తప్పు. ఆ తప్పునే వాళ్ళు బగ్ అంటారు. ప్రతి బగ్‌నూ ఫొటోతో సహా రాసి పంపితే అక్కడివాళ్ళు దిద్ది, మళ్ళీ కొత్త ప్రతి పంపుతారు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో మూడు నెలలు టెస్టింగ్ కోర్సు చేసి, 2008లో అమ్జద్ అందులో చేరాడు. రెండేళ్ళు తిరక్కుండానే గట్టి టెస్టర్ అనిపించుకున్నాడు. నెలాఖరున ఎక్కువ బగ్గులు పట్టినవాడి పేరు గోడమీద తెల్లబోర్డుకి ఎక్కేది. ఆ బోర్డు మీద తన పేరు చూసుకోవడమంటే అతనికి మహా ఇష్టం.

పక్క కుర్చీలో రవికాంత్ కూర్చునేవాడు. అమలాపురం నుంచి వచ్చి మధురానగర్‌లో హాస్టల్లో ఉండేవాడు. మాట తక్కువ. మొదటి నెలంతా మధ్యాహ్నం ఒంటరిగా కింద మెస్‌కి వెళ్ళి వచ్చేవాడు. ఒకరోజు అమ్జద్ తన డబ్బా మూత అతని ముందు పెట్టి, "జర తిని జూడు భాయ్, అమ్మీ చేసిన ఖీమా" అన్నాడు. ఆ తర్వాత అమ్జద్ తల్లి ఇక్బాల్ బేగం ఇద్దరికి సరిపడా కట్టి పంపడం మొదలుపెట్టింది. రవికాంత్ ఆమెను ఎన్నడూ చూడలేదు గానీ, "అమ్మగారికి చెప్పు, ఇవాళ ఉప్పు సరిగ్గా సరిపోయిందని" అని రోజూ కబురు పంపేవాడు.

2010లో వాళ్ళ దగ్గరికి ఏడు కోటల గేమ్ వచ్చింది. అదొక పెద్ద మాయలోకం. ఆడేవాడు ముందు తన వీరుణ్ణి తయారు చేసుకోవాలి. మగో ఆడో, ముఖం ఎలా ఉండాలో, జుట్టు ఏ రంగో అన్నీ మన ఇష్టం. ఆ వీరుడు ఏడు కోటలూ తిరుగుతాడు, రాక్షసులతో కలబడతాడు. మధ్యలో పల్లెల్లో ఆగి జనంతో మాట్లాడతాడు, స్నేహం చేస్తాడు. కావాలంటే పెళ్ళి చేసుకుని ఇల్లు కట్టుకుంటాడు. ఈ పెళ్ళి సంగతి ఆ గేమ్‌లో కొత్తగా పెట్టారు. మగ వీరుడికి ఆరుగురు ఆడవాళ్ళు, ఆడ వీరుడికి ఆరుగురు మగవాళ్ళు అని కాగితం మీద రాసి పంపారు. జుట్టు నీలం రంగులో ఉన్నా, వంట్లో సగం రాయి అయినా ఆ లోకానికి అభ్యంతరం లేదు, పెళ్ళి దగ్గర మాత్రం ఆ ఒక్క నియమం.

నది చుట్టూ ఉన్న పల్లెలన్నీ రవికాంత్ వంతుకొచ్చాయి. రెండు నెలలు అక్కడే ఆడాడు. ఒకసారి చెల్లెల్ని కాలేజీలో చేర్చడానికి రెండు రోజులు విజయవాడ వెళ్ళాడు. టీముకి పెద్ద హనుమత్‌ప్రసాద్. గుంటూరు మనిషి, గడువుల విషయంలో కచ్చితంగా ఉండేవాడు. "రవికాంత్ ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నువ్వు ఆడెయ్యవయ్యా. నది పని ఈ నెలలోనే అయిపోవాలి" అని అమ్జద్‌కి చెప్పాడు.

ఆట ఆగిన చోటు కంప్యూటర్లో దాచి ఉంటుంది, దాన్ని సేవ్ అంటారు. అమ్జద్ ఆ సేవ్ తెరిచాడు. వీరుడి పేరు కాంత్. సన్నగా, నల్లగా, భుజాన విల్లుతో ఉన్నాడు. నది ఒడ్డున ఒక ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. ఇంటి చుట్టూ పూలమొక్కలు, గుమ్మానికి రెండు దీపాలు, లోపల గోడకు వల. అంత ఓపికగా సర్దిన ఇల్లు అమ్జద్ ఆ గేమ్‌లో ఎక్కడా చూడలేదు. ఇంతలో లోపలి నుంచి ఓరెన్ అనే పడవవాడు బయటికొచ్చి, "ఇవాళ తొందరగా వచ్చావే. కూర్చో, నీ కోసమే చేపలు పక్కన పెట్టాను" అన్నాడు. అది పెళ్ళయినవాళ్ళు మాట్లాడుకునే మాట. భార్యాభర్తలకి మాత్రమే వచ్చే మాట.

అమ్జద్‌కి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత అర్థమైంది. పడవవాడు ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆడో మగో చూసుకొమ్మని ప్రోగ్రామ్‌లో రాయడం మరిచిపోయారు. మగ వీరుడు మూడుసార్లు కానుక తెచ్చిస్తే అతను మగ వీరుణ్ణీ చేసుకుంటాడు. రవికాంత్ రెండు నెలలుగా ఇక్కడే ఉన్నాడు. ఇది చూడకుండా ఎలా ఉంటాడు? చూశాడు. చూసి రాయలేదు.

అమ్జద్ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆ నెల బోర్డు మీద పేరు రావడానికి అతనికి రెండు బగ్గులు తక్కువున్నాయి. రాసేశాడు. మగ పాత్రకూ మగ పాత్రకూ పెళ్ళి జరుగుతోంది, చాలా పెద్ద తప్పు అని రాసి, రుజువుకి ఫొటో జత చేశాడు. ఫొటోలో ఇల్లు, పడవవాడు, పక్కన కాంత్, కింద ఈ సేవ్ ఎవరిదో చెప్పే వరుసలో రవికాంత్ పేరు. తన సొంత ఆటలో మళ్ళీ చేసి చూపిస్తే సరిపోయేది. దానికి ఒక గంట పడుతుంది. ఆ గంట పెట్టలేదు. పైగా మధ్యాహ్నం అన్నాల దగ్గర అందర్నీ పిలిచి, "గిది చూసిండ్రా? మన రవి కాపురం పెట్టిండు" అని తెర మీద చూపించాడు. జనం పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా అమ్జదే నవ్వాడు.

రవికాంత్ తిరిగొచ్చిన పొద్దున తలుపు తీస్తుండగానే ఎవరో "పడవాయన బాగున్నాడా?" అన్నారు. ఇంకొకరు తెడ్డు వేస్తున్నట్టు చేతులు ఊపారు. రవికాంత్ చిన్నగా నవ్వి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు డబ్బా ముట్టలేదు. మధ్యాహ్నం మెట్ల మీద అమ్జద్‌ని ఆపాడు.

"నువ్వేనా రాసింది?"

"డ్యూటీ గదా భాయ్."

"డ్యూటీ సరే. అందరికీ చూపించడం కూడా డ్యూటీయేనా?"

అమ్జద్ "అరె, మజాక్ చేసిన, గంతే" అన్నాడు. రవికాంత్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోయి ఉంటే అమ్జద్ మరిచిపోయేవాడేమో. నాలుగో రోజున యూరప్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది ఆ గేమ్‌లో మాటలు రాసే ఆవిడ. ఇది మేము అనుకోకుండా జరిగిన తప్పే, కానీ మాలో కొందరికి నచ్చింది, ఇలాగే ఉంచుదామా అని ఆలోచిస్తున్నాం, దీన్ని పట్టిన టెస్టర్ ఏమంటారు అని అడిగింది. హనుమత్‌ప్రసాద్ ఆ ఉత్తరం అమ్జద్‌కి పంపి, "నువ్వే రాశావుగా, నువ్వే జవాబు చెప్పు" అన్నాడు.

ఆ ఉత్తరం సంగతి రవికాంత్‌కీ తెలిసింది. టీ తాగడానికి కిందికి దిగినప్పుడు అమ్జద్ వెనకే వచ్చాడు. గ్లాసు చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"అమ్జద్ భాయ్, ఉంచమని ఒక్క మాట రాయవా? నేను రాస్తే..." అని ఆగాడు. "నేను రాస్తే అందరికీ తెలిసిపోతుంది."

ఏం తెలిసిపోతుందో అమ్జద్ అడగలేదు. అడగక్కర్లేకపోయింది. ముందటి సంవత్సరం, మగవాళ్ళు మగవాళ్ళతో కలిసి ఉండడం నేరం కాదని ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు పేపర్లో ఆ వార్తను రవికాంత్ మడతపెట్టి సొరుగులో దాచుకోవడం అతను చూశాడు. అప్పుడు పట్టించుకోలేదు.

"రాస్త తియ్ రవీ. ఫికర్ చెయ్యకు" అన్నాడు అమ్జద్.

రవికాంత్ అతని చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాడు.

అమ్జద్ రాయడానికే కూర్చున్నాడు. ఉంచితే బాగుంటుంది, ఆటకు అందం వస్తుంది అని ఒక వాక్యం కొట్టాడు కూడా. ఇంతలో వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు తెర మీదికి వంగి చదివి, "ఏంది రా, ఉంచమంటున్నవా? నీకు సుత పడవ కావాల్నా?" అన్నాడు. రెండోవాడు పగలబడి నవ్వాడు. అమ్జద్ చెవులు వేడెక్కాయి. రవికాంత్ కుర్చీ అప్పుడు ఖాళీగా ఉంది. అమ్జద్ ఆ వాక్యం చెరిపేసి, వాళ్ళు చూస్తుండగా ఇంకోటి రాశాడు. "ఇది తప్పుగానే కనిపిస్తుంది. మా వైపు జనం దీన్ని ఒప్పుకోరు. తీసేయండి." పంపేశాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టలేదు.

రెండు వారాలకు దిద్దిన ప్రతి వచ్చింది. దిద్దారో లేదో చూసి సంతకం పెట్టాల్సింది నది పల్లెల బాధ్యత ఉన్నవాడే. అంటే రవికాంతే. అతను తన పాత సేవ్ తెరవడం పక్క కుర్చీలోంచి అమ్జద్ చూశాడు. ఇల్లుంది. పూలమొక్కలున్నాయి. లోపల ఎవరూ లేరు. కాంత్ రేవుకి నడిచాడు. పడవ దగ్గర ఓరెన్ నిలబడి ఉన్నాడు. "నది దాటాలా బాటసారీ? కొత్తవాడిలా ఉన్నావు" అన్నాడు.

రవికాంత్ రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ అదే మాట. "దిద్దారు, సరిచూశాను" అని రాసి, కింద తన పేరు పెట్టి, లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. అమ్జద్‌తో ఒక్క మాట కూడా అనలేదు. అంటే తేలిగ్గా ఉండేది. నెలలోపు బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందని చెప్పి మానేశాడు. ఆఖరి రోజున అందరికీ చేతులు కలుపుతూ వచ్చి అమ్జద్‌కీ కలిపాడు. "అమ్మగారికి నా సలాం చెప్పు" అన్నాడు.

ఇక్బాల్ బేగం ఇంకో వారం పాటు ఇద్దరికి సరిపడానే కట్టింది. రవి మానేశాడని చెప్పడానికి అమ్జద్‌కి నోరు రాలేదు.

ఆ నెల బోర్డు మీద అమ్జద్ పేరు వచ్చింది. ఏడాదికి టీములో చిన్న లీడ్ అయ్యాడు. సాయిమాతో పెళ్ళయింది. గేమ్ బజారులోకి వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఆడేవాళ్ళు కబుర్లు చెప్పుకునే వెబ్‌సైట్ ఒకటి ఉండేది. అందులో ఏదో ఊరివాడు, ముందుగా కొందరికి ఇచ్చిన ప్రతిలో నా వీరుడు పడవవాణ్ణి చేసుకోగలిగాడు, ఇప్పుడు అతను నన్ను గుర్తుపట్టడం లేదు, ఎందుకు తీసేశారు అని అడిగాడు. కింద పదీ ఇరవై మంది మాకూ అదే కావాలి అని రాశారు. కంపెనీవాళ్ళ జవాబు ఒక్క వరుస. అది టెస్టింగ్ టీము పట్టిన బగ్, దిద్దేశాం. అమ్జద్ ఆ వరుసని పది రోజులపాటు రోజూ తెరిచి చదివాడు. అలా అడిగేవాళ్ళు ఇంతమంది ఉంటారని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఒక్కడు అడిగితేనే వినలేదు.

ఒక ఆదివారం పొద్దున సాయిమా బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాడు. ఇంట్లో వాళ్ళది దక్కనీ ఉర్దూ. సాయిమా చేట కింద పెట్టకుండానే విన్నది.

"ఆ గేమ్ సంగతి నాకు తెలియదు. మొగవాళ్ళూ మొగవాళ్ళూ సంగతి కూడా నాకు అంతగా అర్థం కాదు. కానీ మీరు రాస్తానని మాటిచ్చారు. రాయలేదు. అతను మీ అమ్మ చేతి అన్నం తిన్నాడు" అంది. చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి, "ఎక్కడున్నాడో కనుక్కోండి" అంది.

మధురానగర్ హాస్టల్ నడిపే ఛాయాదేవి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. "బెంగుళూరేంటండీ! ఆ అబ్బాయి ఎక్కడికీ వెళ్ళలేదు. అమీర్‌పేటలో పాఠాలు చెప్తున్నాడుగా. అక్కడి కోర్సుల బోర్డుల మీద ఫొటో కూడా ఉంటుంది, చూళ్ళేదా?"

అమ్జద్ బస్సు అమీర్‌పేట మీదుగానే వెళ్తుంది. రెండేళ్ళుగా ఆ బోర్డుల కిందుగా రోజుకు రెండుసార్లు పోయి వచ్చాడు. తల ఎత్తి చూడలేదు.

ఇన్‌స్టిట్యూట్ మైత్రీవనం వెనక సందులో ఉంది. మెట్ల పొడుగునా కోర్సుల కాగితాలు అతికించి ఉన్నాయి. అమ్జద్ వెళ్ళేసరికి ఉచిత డెమో క్లాసు నడుస్తోంది. ఎనభై మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడేటట్టు కూర్చున్నారు. అతను ఆఖరి బెంచీ చివర సర్దుకున్నాడు. రవికాంత్ కొంచెం ఒళ్ళు చేశాడు. గొంతు పెరిగింది. బగ్ ఎలా రాయాలో చెబుతున్నాడు. ఏం చేశారో రాయండి, ఏం కనిపించిందో రాయండి, ఎవర్నీ వెక్కిరించకండి అంటున్నాడు. మధ్యలో చూపు ఆఖరి బెంచీ మీద పడింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ బోర్డు వైపు తిరిగి చెప్పుకుంటూ పోయాడు.

క్లాసయ్యాక ఇద్దరూ ఇరానీ హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"తప్పు జేసిన రవీ" అన్నాడు అమ్జద్. "అందరి ముంగట నవ్విన. నీకు మాటిచ్చి తప్పిన. భయమైంది. నన్ను సుత అంటరని భయమైంది. మాఫ్ చెయ్యి."

రవికాంత్ చాయ్ కప్పు పక్కకు జరిపాడు.

"నేను మాఫ్ చేస్తే నీకు నిద్ర పడుతుంది. నాకేంటి?"

అమ్జద్ ఎత్తిన కప్పును మళ్ళీ సాసర్లో పెట్టేశాడు.

"అది గేమ్ అని నాకు తెలియదా?" అన్నాడు రవికాంత్. "వాడు బొమ్మని తెలియదా? మొత్తం అంత పెద్ద లోకంలో దెయ్యాలకి చోటుంది, రాళ్ళకి చోటుంది. నాలాంటివాడికి లేదు. ఎవడో మరిచిపోయి కొంచెం చోటు వదిలాడు. అది చాల్లే అనుకున్నాను. నువ్వు అది కూడా దిద్దించేశావు."

"నేను..."

"నువ్వు రాసిన జవాబు నేను చదివాను. ఆఫీసులో అందరికీ కనిపించే చోటే ఉండేది కదా. మా వైపు జనం ఒప్పుకోరని రాశావు. మీ వైపు జనంలో నేను లేనా అమ్జద్? నీ పక్క కుర్చీలోనే ఉన్నాను."

అమ్జద్ కళ్ళు దించుకున్నాడు. రవికాంత్ లేచి, తర్వాతి క్లాసుకి టైమైందని వెళ్ళిపోయాడు. నంబరు మాత్రం ఇచ్చాడు. ఎందుకిచ్చాడో అమ్జద్‌కి అర్థం కాలేదు. దాన్ని వాడే ధైర్యం చాలా నెలలు రాలేదు.

2013లో ఆ గేమ్ రెండో భాగం పని మొదలైంది. ఈసారి వచ్చిన కాగితాల్లో పెళ్ళి గురించి రాసిన చోట ఒక వరుస చూసి అమ్జద్ ఆగిపోయాడు. "హైదరాబాద్ టీము ఇచ్చిన అభిప్రాయం ప్రకారం, పెళ్ళి స్త్రీ పురుషుల మధ్యే." నాలుగు నిమిషాల్లో రాసిన తన మాట ఇప్పుడు నియమమై కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే మాటలు రాసే ఆవిడకు ఉత్తరం రాశాడు. 2010లో ఆ అభిప్రాయం ఇచ్చింది నేనే, అది టీము మాట కాదు, నా మాట కూడా కాదు, వెనక నిలబడి నవ్వినవాళ్ళకు జడిసి రాసింది, ఆ పెళ్ళి ఉంచమని నా పక్కనే పనిచేసిన ఒక మనిషి నన్ను అడిగాడు, నేను దాచాను, వెబ్‌సైట్‌లో అడిగినవాళ్ళ మాటలు కూడా చూడండి అని రాశాడు. రవికాంత్ పేరు ఎక్కడా రాయలేదు. పంపాక హనుమత్‌ప్రసాద్‌కి తనే వెళ్ళి చెప్పాడు.

హనుమత్‌ప్రసాద్ మొహం ఎర్రబడింది. "మేము అబద్ధం చెప్పామని క్లయింటుకి రాస్తావా? బుద్ధుందా నీకు? ఇంక మన మాట ఎవరు నమ్ముతారయ్యా?"

"నిజమే సార్, నమ్మొద్దు. అప్పుడు నేను రాసింది నమ్మొద్దు."

లీడ్ పని తీసేశారు. అమ్జద్ మళ్ళీ మామూలు కుర్చీకి వచ్చాడు. మెహబూబ్ "ఏం తప్పు చేశావ్?" అని అడిగితే, "పాత తప్పే, అబ్బాజాన్" అన్నాడు.

ఆవిడ జవాబు నెలకు వచ్చింది. అన్నీ మార్చలేదు, మా పైవాళ్ళు ఒప్పుకోలేదు అని రాసింది. గేమ్‌లో పెళ్ళాడదగ్గ పన్నెండు మందిలో ఇద్దరిని మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు. ఈసారి అది మరుపు కాదు, కావాలనే రాసింది. ఆ ఇద్దర్నీ సరిచూసే పని అమ్జద్ అడిగి తీసుకున్నాడు. మగ వీరుడితో, ఆడ వీరుడితో, ఎన్ని రకాలుగా చేసుకోవచ్చో అన్ని రకాలుగానూ ఆడి, ఎక్కడా ఎవరూ ఎవర్నీ మరిచిపోకుండా చూశాడు. పని పూర్తయిన రోజు ధైర్యం తెచ్చుకుని రవికాంత్‌కి ఫోన్ చేశాడు.

"ఎవరా ఇద్దరూ?" అని అడిగాడు రవికాంత్.

"ఒకడు వైద్యుడు. ఒకామె గుర్రాలు చూసుకుంటది."

"మాటలు బాగున్నాయా?"

"మంచిగనే ఉన్నయ్. వైద్యుడు జర బోర్ కొడతడు."

అవతల చిన్న నవ్వు వినిపించింది. ఆ వెంటనే "సరే, ఉంటాను" అని ఫోన్ పెట్టేశాడు. గేమ్ ఆడతాననలేదు, ఆడననలేదు.

ఆ డిసెంబరులో, ఒక బుధవారం, సుప్రీంకోర్టు ఆ ఢిల్లీ తీర్పును కొట్టేసి, అది మళ్ళీ నేరమేనంది. ఆఫీసులో టీవీ తెర అడుగు వరుసలో ఆ వార్త పోతుంటే అమ్జద్ చూశాడు. మిగతావాళ్ళు తమ ఆటల్లోంచి తల ఎత్తలేదు. అతను సగం పూట సెలవు పెట్టి, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచే వెళ్ళాడు. మెట్రో కోసం తవ్విన రోడ్డు పక్కన బస్సులు కదలడం లేదు.

రవికాంత్ క్లాసు గుమ్మం దగ్గర కాగితాలు సర్దుకుంటున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్జద్‌ని చూసి, "ఇవాళ నాతో ఏం మాట్లాడకు. నావల్ల కాదు. క్లాసుంది" అన్నాడు.

"మాట్లాడ. ఈడ కూసుంట" అన్నాడు అమ్జద్.

లోపల రవికాంత్ గొంతు మామూలుగానే వినిపించింది. ఒకచోట మాత్రం ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాడు. మెట్ల మీద కూర్చున్న అమ్జద్‌కి ఒకటే అనిపించింది. నీకు చోటు లేదని ఇవాళ కోర్టు ఇన్ని కోట్లమందికి వినిపించేలా చెప్పిన మాటే, మూడేళ్ళ క్రితం తను ఒక్కడికి చెప్పాడు. కోర్టుకి రవికాంత్ ఎవరో తెలియదు. తనకు తెలుసు.

క్లాసయ్యాక పిల్లలంతా దిగిపోయారు. రవికాంత్ తలుపు వేసుకుని కిందికి వచ్చాడు. ఇద్దరూ కూడలి దాకా నడిచారు. అక్కడ రవికాంత్ ఆగి, "రేపు కూడా సాయంత్రం బ్యాచ్ ఉంది" అన్నాడు. అని మధురానగర్ వైపు రోడ్డు దాటాడు.